ఒకే అణువు, వేర్వేరు జవాబులు: ఓపెన్ సోర్స్ రసాయన సాఫ్ట్‌వేర్‌లో ఉమ్మడి పని ఎలా సాగుతుంది

పిరోల్ చిన్న అణువు. నాలుగు కార్బన్లు, ఒక నైట్రోజన్, అయిదు హైడ్రోజన్లు, అణుభారం 67.09. దీన్ని స్మైల్స్ అనే వరుసరాతలో రాసేటప్పుడు నైట్రోజన్‌ను చదరపు కుండలీకరణాల్లో పెట్టి, దాని మీద ఒక హైడ్రోజన్ ఉందని విడిగా చెప్పాలి. ఆ కుండలీకరణాలు మరిచిపోయి ఉత్త చిన్న అక్షరం 'ఎన్' రాస్తే ఏమవుతుందన్నది ఏ ప్రోగ్రాం చదువుతోందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆర్‌డికిట్ అనే ఓపెన్ సోర్స్ రసాయన లైబ్రరీ ఆ రాతను ఒప్పుకోదు. ఒంటి, జంట బంధాలుగా విడదీయలేకపోతున్నానని చెప్పి ఆగిపోతుంది. మరో ప్రోగ్రాం హైడ్రోజన్‌ను తానే ఊహించి చేర్చుకుని ముందుకు పోవచ్చు. ఇంకొకటి ఏమీ చేర్చకుండా, ఏమీ చెప్పకుండా 66.08 భారం చూపించవచ్చు.

రెండో రకం పైకి మర్యాదగా కనిపిస్తుంది కానీ నిజానికి ప్రమాదం అక్కడే ఎక్కువ. పిరోల్‌లో నైట్రోజన్ ఒక్కటే కాబట్టి ఊహ తప్పే వీలు లేదు. ఇమిడజోల్ వలయంలో నైట్రోజన్లు రెండు. దానికి ఒక పక్క మిథైల్ తగిలించి ఉంటే, హైడ్రోజన్ ఏ నైట్రోజన్ మీద ఉందన్నదాన్ని బట్టి రెండు వేర్వేరు టాటోమర్లు (హైడ్రోజన్ చోటు మారిన రూపాలు) వస్తాయి. ప్రోగ్రాం వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, ఎంచుకున్న సంగతి చెప్పదు. ఆ అణువు డేటాబేస్‌లోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి డాకింగ్ లెక్కలోకి (అణువు ప్రొటీన్‌లో ఎలా ఇముడుతుందో చూసే లెక్క) పోతుంది. హైడ్రోజన్ బంధం ఇచ్చే చోటు తారుమారైన సంగతి ఎవరికీ పట్టదు.

రసాయన సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల సహకారం అంటే అందరూ కలిసి ఒకే కోడ్ రాయడం అని బయటివాళ్లు అనుకుంటారు. ఈ రంగంలో అలా జరిగింది తక్కువ. టూల్‌కిట్లు (ఇలాంటి రసాయన పనుల కోడ్ లైబ్రరీలు) విడివిడిగానే ఉన్నాయి, ఉంటాయి కూడా. ఉమ్మడిగా ఉండేవి వేరే: ఫార్మాట్ నిర్వచనాలు, పరీక్షించే అణువుల జాబితాలు, ఎదుటి ప్రోగ్రాం ఇచ్చిన జవాబుతో తమ జవాబును పోల్చి చూసుకునే అలవాటు. ఒకే ప్రశ్నకు నాలుగు ప్రోగ్రాములు నాలుగు జవాబులు ఇవ్వడం ఇబ్బందే. కానీ ప్రోగ్రాం ఒక్కటే ఉంటే అది తప్పు చెబుతోందని పట్టుకునే దారే ఉండదు.

ఇన్ని టూల్‌కిట్లు ఎందుకు

చరిత్ర క్లుప్తంగా చాలు. ఫైల్ ఫార్మాట్లు మార్చడానికి బేబెల్ అనే ప్రోగ్రాం ఉండేది. దాని వెనకాల ఓపెన్ ఐ (OpenEye) కంపెనీ ఓఈలిబ్ అనే లైబ్రరీని, దాన్ని కలుపుకున్న కోడ్ కూడా తెరిచే ఉంచాలనే జీపీఎల్ లైసెన్స్‌తో తెచ్చింది. తరువాత కంపెనీ తన దారి మార్చుకుని కొత్త లైబ్రరీని సొంత ఆస్తిగా ఉంచుకుంది. అప్పటికే బయటికి వచ్చిన ఓఈలిబ్ కోడ్‌ను పట్టుకుని 2001లో ఓపెన్ బేబెల్ మొదలైంది. సీడీకే అనే జావా టూల్‌కిట్ కథ 2000 సెప్టెంబరులో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. జేమోల్, జేకెమ్‌పెయింట్ అనే రెండు జావా ప్రోగ్రాములకు ఉమ్మడి పునాది కట్టాలన్నది ఆలోచన. ఆర్‌డికిట్‌ను ఒక చిన్న కంపెనీలో రాసుకుని, ఆ కంపెనీ మూతపడేటప్పుడు 2006లో షరతులు చాలా తక్కువగా ఉండే బీఎస్‌డీ లైసెన్స్ కింద బయటపెట్టారు.

2005లో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశానికి వచ్చిన కొందరు డెవలపర్లు శాన్ డియేగోలో కలుసుకున్నారు. అక్కడి హార్టన్ ప్లాజాలోని నీలిరంగు స్తంభం వాళ్ల గుర్తు. బ్లూ ఒబెలిస్క్ అన్న పేరు అలా వచ్చింది. దానికి అధ్యక్షుడు, సభ్యత్వ రుసుము వంటివేమీ లేవు. ఓపెన్ డేటా, ఓపెన్ స్టాండర్డ్స్, ఓపెన్ సోర్స్ అన్న మూడు మాటల మీద ఒప్పందం, అంతే. అందులోంచి వచ్చిన వాటిలో పైకి అతి మామూలుగా కనిపించేది మూలకాల పట్టిక: పరమాణు భారాలు, సమయోజనీయ వ్యాసార్ధాలు, వాన్ డర్ వాల్స్ వ్యాసార్ధాలు ఒకే చోట, యంత్రం చదివే రూపంలో. ఇది ఎందుకంత అవసరమో చెప్పాలంటే ఒక ఉదాహరణ చాలు. ఎక్స్‌వైజెడ్ ఫైల్‌లో పరమాణువుల స్థానాలే ఉంటాయి, బంధాలు ఉండవు. రెండు పరమాణువుల మధ్య దూరం వాటి వ్యాసార్ధాల మొత్తానికి కొంచెం వెసులుబాటు కలిపినంత లోపు ఉంటే బంధం ఉన్నట్టు లెక్క. రెండు ప్రోగ్రాములు వేర్వేరు వ్యాసార్ధాలు వాడితే ఒకదానిలో బంధం ఉన్నచోట మరొకదానిలో ఖాళీ కనిపిస్తుంది. దోషం కోడ్‌లో ఉందని రోజుల తరబడి వెతికినా దొరకదు, ఎందుకంటే అది పట్టికలో ఉంది.

టూల్‌కిట్లు కలిసిపోకపోవడానికి భాషలు ఒక కారణం (సీడీకే జావా, మిగతా రెండూ సీ ప్లస్ ప్లస్). లైసెన్స్ అంతకన్నా గట్టి కారణం. ఓపెన్ బేబెల్‌ది జీపీఎల్, సీడీకేది ఎల్‌జీపీఎల్, ఆర్‌డికిట్‌ది బీఎస్‌డీ. బీఎస్‌డీ కోడ్‌ను జీపీఎల్ ప్రాజెక్టులోకి తీసుకోవచ్చు, అటు నుంచి ఇటు తేకూడదు. అందుకే సహాయం చేయాలనే మంచి ఉద్దేశంతోనే ఓపెన్ బేబెల్ ఫంక్షన్ ఒకటి చూసి, పేర్లు మార్చి ఆర్‌డికిట్‌కు పంపితే దాన్ని తిప్పి పంపడం తప్ప వేరే దారి ఉండదు. ప్రచురితమైన పద్ధతి నుంచి కొత్తగా రాయాల్సిందే. అణువులను గీసి చూపించే అవొగాడ్రో ప్రోగ్రాం రెండో తరం బీఎస్‌డీలో ఉండాలనుకుంది, ఓపెన్ బేబెల్ చదివే ఫార్మాట్లూ కావాలనుకుంది. అందుకని దాన్ని తనలో లింక్ చేసుకోకుండా విడి ప్రోగ్రాంగా నడిపించి, ఫలితాన్ని ఫైల్ రూపంలో తీసుకుంటుంది. వేగం కొంత తగ్గుతుంది కానీ లైసెన్స్ చిక్కు తప్పుతుంది.

మూడు కాలమ్‌ల దగ్గర తప్పే లెక్క

ఫార్మాట్ నిర్వచనం చదవకుండా, దొరికిన ఫైళ్లు నాలుగు చూసి రీడర్ (ఫైల్ చదివే కోడ్) రాసేయడం ఈ రంగంలో చాలా పాత జబ్బు. అణువు నిర్మాణాన్ని నిల్వచేసే మోల్‌ఫైల్ వీ2000 రూపాన్నే చూద్దాం. నాలుగో వరుసలో పరమాణువుల సంఖ్య, బంధాల సంఖ్య ఉంటాయి. ఇథనాల్‌ను హైడ్రోజన్లతో సహా రాస్తే 9 పరమాణువులు, 8 బంధాలు. ఫైల్‌లో రెండు ఖాళీలు, 9, మళ్లీ రెండు ఖాళీలు, 8 కనిపిస్తాయి. ఖాళీల దగ్గర విడగొడితే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆస్పిరిన్‌తో పరీక్షిస్తే సరిపోతుంది, కెఫీన్‌తోనూ సరిపోతుంది. రెంటిలోనూ హైడ్రోజన్లన్నీ కలిపినా పాతిక పరమాణువులు లేవు.

ఇక వాంకోమైసిన్ యాంటీబయాటిక్‌ను ఇచ్చి చూడండి. హైడ్రోజన్లు వదిలేస్తే 101 పరమాణువులు, 110 బంధాలు. నిర్వచనం ప్రకారం ఒక్కో సంఖ్యకు సరిగ్గా మూడు కాలమ్‌లు (అక్షర స్థానాలు), మధ్యలో ఖాళీ ఉండాలన్న నియమం లేదు. కాబట్టి ఫైల్‌లో 101110 అని కలిసిపోయి ఉంటుంది. ఖాళీల దగ్గర విడగొట్టే రీడర్ దాన్ని లక్షా వెయ్యి నూట పది పరమాణువులుగా చదువుకుని, ఆ తరువాత ఫైల్ మధ్యలోనే ముగిసిపోయిందని ఫిర్యాదు చేస్తుంది. అలా ఆగితే నయమే. బంధాల వరుసల్లోనూ పరమాణువుల క్రమసంఖ్యలకు ఇవే మూడేసి కాలమ్‌లు. అక్కడి తప్పును కొన్ని రీడర్లు మింగేసి తప్పుడు అణువును తిరిగి ఇస్తాయి. అదే లెక్కన వీ2000లో 999 పరమాణువులకు మించి పట్టవు. దాటితే దాని తరువాతి రూపమైన వీ3000 రాయాలి. ఈ హద్దు చూసుకోని రైటర్లు నాలుగంకెల సంఖ్యను మూడు కాలమ్‌లలోకి కుక్కి ఫైల్‌నే పాడు చేస్తాయి.

ప్రొటీన్ల పీడీబీ ఫార్మాట్‌లో ఇంకో రకం వల ఉంది. పరమాణువు పేరు 13వ కాలమ్ నుంచి మొదలవుతుంది. ఆల్ఫా కార్బన్‌ను 'సీఏ' అంటారు, కాల్షియం గుర్తు కూడా అదే. తేడా అంతా ఒక ఖాళీలో ఉంది: కాల్షియం 13వ కాలమ్‌లో మొదలైతే ఆల్ఫా కార్బన్ 14వ కాలమ్‌లో మొదలవుతుంది. మూలకం గుర్తును 77, 78 కాలమ్‌లలో విడిగా రాసే ఏర్పాటు ఉన్నా చేత్తో దిద్దిన ఫైళ్లలో ఆ చోటు తరచు ఖాళీగా ఉంటుంది. ఎడిటర్‌లో ఖాళీలు సర్దిన పుణ్యానికి ప్రొటీన్ నిండా కాల్షియం ప్రత్యక్షమవుతుంది.

ఇలాంటివి ఒక ప్రాజెక్టులో బయటపడగానే పక్క ప్రాజెక్టులో కూడా పరీక్షించి చూడటం ఇక్కడి మంచి ఆచారం. ఒకే వ్యక్తి రెండు మూడు టూల్‌కిట్లకు పని చేయడం ఈ రంగంలో మామూలే కాబట్టి బగ్ కబురు త్వరగానే చేరుతుంది. ఆ ఫైల్‌ను, లైసెన్స్ అనుమతిస్తే, రెండు రిపాజిటరీల్లోనూ పరీక్షా ఫైల్‌గా పెట్టేస్తారు.

స్మైల్స్ విషయంలో ఈ పోలిక పద్ధతి ప్రకారం జరిగింది. స్మైల్స్ 1980లలో డేవిడ్ వైనింగర్ రూపొందించిన రాత. అసలు వివరణ కొన్ని మూలల్లో అస్పష్టంగా ఉండేది. 2007లో ఓపెన్‌స్మైల్స్ పేరుతో ఆ మూలలు పూరించే ప్రయత్నం మొదలైంది. అయినా ఆరోమాటిక్ వలయాల (బెంజీన్ వంటివి) దగ్గర ఎవరి లెక్క వారిదే. 2018లో నోయెల్ ఓబాయిల్, జాన్ మేఫీల్డ్ ఒక బెంచ్‌మార్క్ పెట్టారు. దాని తెలివంతా అడిగిన ప్రశ్నలో ఉంది. అణువు బొమ్మ ఎలా ఉంది, కానొనికల్ రాత (అణువుకు ఒకే ఒక్క ప్రామాణిక రాత) ఏది అని అడగలేదు, ఎందుకంటే అవి టూల్‌కిట్‌ను బట్టి న్యాయంగానే మారతాయి. ఒక్కో పరమాణువు మీద దాగి ఉన్న హైడ్రోజన్లు ఎన్ని అని అడిగారు. ఇందులో అభిప్రాయ భేదానికి చోటు లేదు: రాసినవాడు ఉద్దేశించిన సంఖ్య ఒక్కటే, చదివినవాడికి అది వచ్చిందా లేదా. తేడాలు బయటపడ్డాక పలు టూల్‌కిట్లలో రీడర్లను సరిదిద్దారు. కొత్తగా స్మైల్స్ రీడర్ రాసేవాళ్లకు ఇప్పటికీ ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు: వరుసకు ఒక స్మైల్స్, దాని పక్కన హైడ్రోజన్ సంఖ్యల వరుస, రెండు టూల్‌కిట్ల ఫలితాల మధ్య డిఫ్ (తేడాల జాబితా).

నియమమే తప్పని తేలిన సందర్భం

పరీక్షా సమితి ఎంత మేలు చేస్తుందో ఎంఎంఎఫ్ఎఫ్94 ఫోర్స్ ఫీల్డ్ (అణువు శక్తిని లెక్కగట్టే సమీకరణాల సమితి) చూపించింది. దాన్ని రూపొందించిన థామస్ హాల్‌గ్రెన్ సమీకరణాలతో పాటు 761 అణువుల పరీక్షా సమితిని కూడా అందుబాటులో పెట్టాడు. ఒక్కో అణువుకు పరమాణు రకాలు, పాక్షిక ఆవేశాలు, శక్తి విలువలు అందులో ఉన్నాయి. కాబట్టి ఓపెన్ బేబెల్‌లో ఒకరు, ఆర్‌డికిట్‌లో మరొకరు ఒకరి కోడ్ ఒకరు చూడకుండా రాసుకున్నా, తాము సరిగ్గా రాశామని చూపగలిగారు. అణువు మొత్తం శక్తిని మాత్రమే పోల్చుకుంటే సమీకరణంలోని ఒక పదంలో ఉన్న తప్పును మరో పదంలోని తప్పు కప్పేయవచ్చు. పదాలవారీగా పోల్చుకుంటే తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించినట్టు తెలుస్తుంది: బంధం సాగుడు సరిపోయి, టార్షన్ (బంధం చుట్టూ మెలిక) సరిపోకపోతే వెతకాల్సింది టార్షన్ పట్టికలోనే.

కైరల్ కేంద్రాలకు (అద్దంలోని ప్రతిబింబంతో కలవని అమరిక ఉన్న పరమాణువులకు) 'ఆర్', 'ఎస్' గుర్తులు పెట్టే కాన్-ఇంగోల్డ్-ప్రెలాగ్ నియమాల కథ ఇంకా ఆసక్తికరం. ఈ నియమాలు 1966, 1982 వ్యాసాల్లో స్థిరపడి, రసాయన పేర్ల ప్రమాణాలు నిర్ణయించే ఐయూపాక్ సంస్థ 2013 సిఫార్సుల్లో వివరంగా అచ్చయ్యాయి. పాఠ్యపుస్తకంలో నాలుగు గుంపులను పరమాణు సంఖ్య బట్టి వరుస పెట్టడం తేలికగానే ఉంటుంది. వలయాలు, సమాన శాఖలు, ఒక కైరల్ కేంద్రం వరుస మరో కైరల్ కేంద్రం గుర్తు మీద ఆధారపడే సందర్భాలు వచ్చేసరికి మనుషులే తడబడతారు. ప్రోగ్రాములు చాలావరకు మొదటి నియమం దగ్గర ఆగి, మిగతా వాటిని ఉజ్జాయింపుగా కానిచ్చేవి.

2018లో రాబర్ట్ హాన్సన్, మేఫీల్డ్, మరి నలుగురు కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్ల చేతుల్లో విడివిడిగా రాసిన నాలుగు ప్రోగ్రాములు ఉన్నాయి: జేమోల్, సెంటర్స్, బలూన్, కెమ్‌స్కెచ్. చివరిది వాణిజ్య సాఫ్ట్‌వేర్. దాని కోడ్ ఎవరికీ చూపించనక్కరలేదు, జవాబులు చూపితే చాలు. మూసిన సాఫ్ట్‌వేర్ వాళ్లతో కూడా ఈ రకం సహకారం సాధ్యం కావడానికి కారణం అదే. 300 నిర్మాణాల సమితి కట్టి, నలుగురి జవాబులు పక్కపక్కన పెట్టుకున్నారు. తేడా వచ్చిన ప్రతి చోటా నియమం పుస్తకం తెరిచి చూడాలి. ఎక్కువసార్లు ఏదో ఒక ప్రోగ్రాంలో పొరపాటు దొరికేది. కొన్నిచోట్ల మాత్రం లోపం నియమం రాతలోనే ఉందని తేలింది. ఫలితంగా 1బి, 2 నియమాలకు సవరణలు, కొత్తగా ఆరో నియమం ప్రతిపాదించారు. ఒక్కరే ఒక్క ప్రోగ్రాం రాసుకుని ఉంటే ఆ అస్పష్ట వాక్యాన్ని తమకు తోచినట్టు అర్థం చేసుకుని ముందుకు పోయేవారు. నాలుగు అర్థాలు ఎదురెదురుగా నిలబడ్డాకే వాక్యాన్ని అనుమానించారు.

సెంటర్స్ కోడ్ బీఎస్‌డీ లైసెన్స్‌తో ఉంది. అందువల్ల జావా నుంచి సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చి ఆర్‌డికిట్ 2020.09 రిలీజ్‌లో చేర్చగలిగారు. పాత పద్ధతిని తీసేయలేదు. కొత్తదాన్ని కావాలనుకున్నవాళ్లు విడిగా పిలిచే ఫంక్షన్‌గా పెట్టారు. ఇది పిరికితనంలా కనిపించవచ్చు. కానీ కంపెనీల డేటాబేసుల్లో పాత గుర్తులతో నిల్వ ఉన్న లక్షల అణువులకు ఒక్క రాత్రిలో 'ఆర్'లు 'ఎస్'లైతే వచ్చే గందరగోళం ముందు ఈ జాగ్రత్త న్యాయమే అనిపిస్తుంది.

క్వాంటం లెక్కల వైపు

ఎలక్ట్రాన్ల శక్తిని లెక్కగట్టే క్వాంటం రసాయన ప్రోగ్రాముల్లో పరిస్థితి కొంత వేరు. ఇక్కడ కోడ్ పంచుకోవడం నిజంగానే జరిగింది, కానీ ప్రోగ్రాం మొత్తంగా కాదు, ముక్కలుగా. ఇంటిగ్రల్స్‌కు లిబింట్, లిబ్‌సింట్. డెన్సిటీ ఫంక్షనల్స్‌కు (ఎలక్ట్రాన్ సాంద్రత నుంచి శక్తిని ఇచ్చే సూత్రాలు) లిబ్‌ఎక్స్‌సీ. బేసిస్ సెట్లకు (ఆర్బిటాళ్లను కట్టే ప్రమేయాల జాబితాలు) బేసిస్ సెట్ ఎక్స్‌ఛేంజ్. సై4, పైఎస్‌సీఎఫ్ వంటివి వీటి మీద నిలబడ్డాయి. వందల ఫంక్షనల్స్‌ను, వాటి మొదటి, రెండో డెరివేటివ్‌లతో సహా ప్రతి ప్రోగ్రాం బృందం విడిగా రాసుకోవడం దండగ పని. పైగా రాసిన ప్రతిసారీ ఒక గుణకం తప్పు పడే అవకాశం.

పేరు ఒక్కటై, లెక్క రెండుగా ఉండటం ఎలాంటిదో బీ3ఎల్‌వైపీ చూపిస్తుంది. ఇది ఈ రంగంలో అత్యధికంగా వాడిన ఫంక్షనల్‌లలో ఒకటి; 1994 నాటిది; 20 శాతం ఖచ్చితమైన ఎక్స్‌ఛేంజ్, దానికి తోడు 0.72, 0.81 అనే మరో రెండు గుణకాలు. అంతవరకు గొడవ లేదు. అందులోని స్థానిక కోరిలేషన్ భాగానికి వాడిన వీడబ్ల్యూఎన్ సూత్రానికి ఒకటికి మించి రూపాలున్నాయి. గాసియన్ ప్రోగ్రాం ఆర్‌పీఏ అనే ఉజ్జాయింపు పద్ధతికి సరిపెట్టిన రూపాన్ని తీసుకుంది. ఇంకొన్ని ప్రోగ్రాములు అయిదో రూపాన్ని తీసుకున్నాయి. నీటి అణువుకు ఒకే బేసిస్ సెట్‌తో రెండు రకాలుగా లెక్క కడితే మొత్తం శక్తిలో, హార్ట్రీలలో (ఈ రంగంలో వాడే శక్తి ప్రమాణం), రెండో దశాంశ స్థానంలోనే తేడా వస్తుంది. చర్య శక్తుల్లో ఇది చాలావరకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏళ్ల తరబడి చాలామందికి పట్టలేదు. కానీ ఒక ప్రోగ్రాంలో లెక్కించిన క్రియాజనకాన్ని, మరో ప్రోగ్రాంలో లెక్కించిన ఉత్పన్నాన్ని తీసివేసినవాళ్లకు వచ్చేది చెత్త.

పైఎస్‌సీఎఫ్ మొదట అయిదో రూపాన్నే వాడేది. 2.3 వెర్షన్ నుంచి గాసియన్ రూపానికి మారింది. అంటే అదే స్క్రిప్టు, అదే అణువు, అదే ఫంక్షనల్ పేరు. లైబ్రరీ అప్‌డేట్ చేయగానే శక్తి మారుతుంది. డెవలపర్లు దీన్ని హెచ్చరికలోనూ మార్పుల పట్టికలోనూ చెప్పారు, పాత రూపం కావాలంటే వేరే పేరుతో పిలిచే వీలు ఉంచారు. ఈ జాగ్రత్తలన్నీ ఉన్నా, పాత ఫలితాల పక్కన వెర్షన్ రాసిపెట్టుకోనివాళ్లకు అవి అక్కరకు రావు. ఫలితాల పట్టిక కింద 'బీ3ఎల్‌వైపీ' అని మాత్రమే రాసి వదిలేయడం మానుకోవాలి. ప్రోగ్రాం పేరు, వెర్షన్, కోరిలేషన్ రూపం మూడూ ఉండాలి.

సీసీలిబ్ అనే లైబ్రరీది మరో రకం సేవ. డజనుకు పైగా క్వాంటం ప్రోగ్రాములు రాసే లాగ్ ఫైళ్లను చదివి, అంకెలను ఒకే రూపంలో ఇస్తుంది. ఆ లాగ్‌లు మనిషి చదవడం కోసం రాసినవి, యంత్రం కోసం కాదు. వెర్షన్ మారి శీర్షిక వరుసలో ఒక పదం జరిగితే చాలు, పార్సర్ పడిపోతుంది. ఫోర్‌ట్రాన్‌లో సంఖ్య కేటాయించిన వెడల్పులో పట్టకపోతే దాని చోట నక్షత్రాలు అచ్చవుతాయి. రెండు రుణసంఖ్యలు పక్కపక్కన వస్తే మధ్యలో ఖాళీ లేకుండా అతుక్కుంటాయి. అందుకే ఆ బృందం వేర్వేరు ప్రోగ్రాముల వేర్వేరు వెర్షన్ల నిజమైన లాగ్‌లను పోగుచేసి, మార్పు చేసిన ప్రతిసారీ వాటన్నిటినీ మళ్లీ చదివించి చూస్తుంది. కొత్తగా సాయం చేయాలనుకునేవాళ్లు కోడ్ రాయకపోయినా, పార్సర్ పడిపోయిన లాగ్ ఫైల్‌ను పంచుకోవచ్చన్న అనుమతితో ఇస్తే అదే పెద్ద సాయం.

ప్రమాణాల మార్పిడిలో ఇంకో సూక్ష్మం ఉంది. ఒక హార్ట్రీ ఎన్ని ఎలక్ట్రాన్ వోల్టులు? 2010 కోడేటా (భౌతిక స్థిరాంకాల అధికారిక పట్టిక) విలువ 27.21138505, 2018 విలువ 27.211386245988. తేడా ఆరో దశాంశ స్థానంలో ఉంది. అణువు మొత్తం శక్తి 1000 హార్ట్రీలైతే ఆ తేడా 0.0012 ఎలక్ట్రాన్ వోల్టులకు పెరుగుతుంది. రసాయనానికి ఇది పెద్ద లెక్క కాదు. కానీ పరీక్షలో సహనపరిమితిని ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షల్లో ఒక వంతుగా పెట్టుకున్నవాళ్లకు ఒక రోజు ఉన్నట్టుండి పరీక్షలన్నీ ఎర్రబడతాయి, కారణం మాత్రం కోడ్‌లో ఎక్కడా కనిపించదు.

2019లో హవాయీ విశ్వవిద్యాలయ పరిశోధకులు బయటపెట్టినది అంతకన్నా చిన్న కారణం, అంతకన్నా పెద్ద నష్టం. ఎన్‌ఎంఆర్ షిఫ్టులు (అయస్కాంత క్షేత్రంలో పరమాణువులు ఇచ్చే సంకేతాల స్థానాలు) లెక్కించడానికి చాలామంది వాడే ఒక పైథాన్ స్క్రిప్టు, ఫోల్డర్‌లోని ఫైళ్లు పేర్ల క్రమంలోనే వస్తాయని నమ్ముకుంది. ఆ క్రమానికి పైథాన్ హామీ ఇవ్వదు, ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా ఇస్తే అలా ఇస్తుంది. ఒక కంప్యూటర్‌లో ఒక జవాబు, మరోదానిలో మరో జవాబు. విరుగుడు ఒక్క మాట: జాబితాను వాడేముందు సార్ట్ చేయడం. కోడ్ అందరికీ కనిపించేలా ఉండబట్టే ఇది దొరికింది. ఏళ్ల తరబడి కనిపిస్తూ ఉన్నా అన్నాళ్లూ ఎవరికీ దొరకలేదన్నదీ అంతే నిజం.

బగ్ రిపోర్ట్ రాసే పద్ధతి

మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఈ టూల్‌కిట్లకు పెద్ద వాడకందారులు. వాళ్ల దగ్గర ప్రోగ్రాంను పడగొట్టే అణువు దొరికినప్పుడు దాన్ని బయట చూపించలేరు. అది కంపెనీ రహస్యం. ఇక్కడ పనికొచ్చే పద్ధతి అణువును కోసుకుంటూ పోవడం. చివర్లోని ఒక గుంపు తీసేసి మళ్లీ నడపాలి. తప్పు ఇంకా వస్తోందంటే ఆ గుంపుకు సంబంధం లేదు, పక్కన పడేయవచ్చు. తప్పు ఆగిపోయిందంటే దాన్ని తిరిగి పెట్టి మరో వైపు కోయాలి. నలభై పరమాణువుల అణువు ఇలా చాలాసార్లు పది పన్నెండు పరమాణువుల వలయానికి వస్తుంది. ఆ వలయం ఎవరి రహస్యమూ కాదు, పైగా దోషం ఎక్కడుందో సగం అదే చెప్పేస్తుంది. ఒక జాగ్రత్త: కోసేటప్పుడు కైరల్ కేంద్రం చుట్టూ ఉన్న పొరుగు పరమాణువుల వరుస మారితే గుర్తు తిరగబడుతుంది. అప్పుడు వచ్చేది కొత్త తప్పు, పాతది కాదు.

రిపోర్ట్‌లో ఉండాల్సినవి: అతికించి నడపగలిగే నాలుగైదు వరుసల కోడ్, వచ్చిన జవాబు, రావాల్సిన జవాబు, అదే రావాలని ఎందుకు అనుకుంటున్నారో కారణం. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. 'ఫలానా ప్రోగ్రాం ఇలా ఇస్తోంది' అన్నది ఆధారమే కానీ తీర్పు కాదు. నిర్వచనంలోని వాక్యం చూపిస్తే వాదన అక్కడితో తెగుతుంది. వెర్షన్‌తో పాటు కాండా నుంచా, పిప్ నుంచా (రెండూ ప్యాకేజీలు తెచ్చిపెట్టే పనిముట్లు), సొంతంగా కంపైల్ చేశారా అన్నదీ రాయాలి. సీ ప్లస్ ప్లస్ మీద పైథాన్ తొడుగు ఉన్న లైబ్రరీల్లో సగం ఫిర్యాదులు రసాయనానికి సంబంధించినవి కానే కావు. 2024లో పైథాన్ అంకెల లైబ్రరీ నమ్‌పై 2.0 వచ్చినప్పుడు, పాత నమ్‌పైతో కంపైల్ అయిన లైబ్రరీలు దిగుమతి దగ్గరే పడిపోయాయి. అలాంటిదాన్ని అణువులో వెతికి లాభం లేదు.

ప్యాచ్ పంపేవాళ్లు ముందు పరీక్ష రాయాలి. పాత కోడ్ మీద అది తప్పాలి, కొత్త కోడ్ మీద నెగ్గాలి. ఒకే పుల్ రిక్వెస్ట్‌లో (మార్పులు చేర్చుకోమనే అభ్యర్థన) బగ్ సవరణ, ఖాళీల సర్దుబాటు, పేర్ల మార్పు కలిపితే చదివేవాళ్లకు నరకం. ఉన్న పరీక్షల్లో ఆశించిన అంకెలను కొత్త అంకెలతో దిద్దాల్సి వస్తే, ఏది ఎందుకు మారిందో ఒక్కోదానికీ రాయాలి. 'ఇప్పుడు ఇది వస్తోంది' అని రాస్తే అది కారణం కాదు.

వాడేవైపు నుంచి తెలుసుకోవాల్సింది ఒకటుంది. కానొనికల్ స్మైల్స్ ఒక టూల్‌కిట్‌లో, ఒక వెర్షన్‌లో మాత్రమే కానొనికల్. డేటాబేస్‌లో దాన్నే తాళంచెవిగా పెట్టుకుంటే అప్‌గ్రేడ్ రోజున అదే అణువు రెండు అణువులవుతుంది. ఆ పనికి అణువు నిర్మాణం నుంచి పుట్టించే 27 అక్షరాల గుర్తింపు కోడ్ ఇన్‌చీకీ మేలు. అన్ని టూల్‌కిట్లూ దాదాపుగా ఒకే మూల కోడ్‌ను పిలుస్తాయి కాబట్టి జవాబు ఒక్కటే వస్తుంది. అణువు నిర్మాణాన్ని బిట్ల వరుసగా రాసే వేలిముద్రల సంగతీ అంతే: అల్గోరిథం ఒక బిట్ మారినా పాతవాటి మీద శిక్షణ పొందిన మోడల్‌కు కొత్తవి ఇవ్వకూడదు. ఆర్‌డికిట్ రిలీజ్ నోట్స్‌లో వెనకటి కోడ్‌తో పొసగని మార్పులకు వేరే విభాగం ఉంటుంది. అప్‌గ్రేడ్‌కు ముందు చదవాల్సింది దాన్నే, కొత్త హంగుల జాబితాను కాదు. ఓపెన్ బేబెల్ 2019లో 3.0కు వచ్చినప్పుడు దాని పైథాన్ తొడుగు పైబెల్‌ను దిగుమతి చేసే వరుస మారింది, బేబెల్ అనే పాత కమాండ్ పోయి ఓబేబెల్ మిగిలింది. హైడ్రోజన్ల లెక్క, ఆరోమాటిక్ వలయాల పద్ధతి కూడా తిరగరాశారు. స్క్రిప్టు దిగుమతి దగ్గర ఆగినవాళ్లు అదృష్టవంతులు, వెంటనే తెలిసింది.

చేతులు తక్కువ

ఈ ఉమ్మడి పని అంతా కొద్దిమంది మీద నడుస్తోంది. ఓపెన్ బేబెల్ 2020లో 3.1.1 విడుదల చేశాక నాలుగేళ్లు గడిచినా తరువాతి అధికారిక రిలీజ్ రాలేదు. కోడ్‌లో సవరణలు చేరుతూనే ఉన్నా, రిలీజ్ చేయడానికి కూర్చునే మనిషి దొరకడం వేరే సమస్య. ఈలోపు డెబియన్, కాండా-ఫోర్జ్ వంటి పంపిణీలవాళ్లు తమకు కావలసిన ప్యాచ్‌లు తామే పెట్టుకుంటారు, 3.1.1 అన్న ఒకే పేరు కింద కొద్దిపాటి తేడాలతో పలు రూపాలు తిరుగుతుంటాయి. ఆర్‌డికిట్ ఏడాదికి రెండు పెద్ద రిలీజ్‌ల పద్ధతి నిలుపుకోగలగడానికి వెనక నోవార్టిస్ వంటి కంపెనీల సమయం, జీతాలు ఉండటం ముఖ్య కారణం. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ద్వారా విద్యార్థులు వస్తారు, మంచి పని చేస్తారు. కానీ వేసవిలో రాసిన కోడ్‌ను ఆ తరువాత పదేళ్లు చూసుకునేది పాతవాళ్లే.

హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో జి. నరహరి శాస్త్రి బృందం, ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీ కార్యక్రమంలో భాగంగా, ఎంపీడీఎస్ అనే వేదికను కట్టింది. మొదట క్షయ వ్యాధి మీద దృష్టి పెట్టిన ఈ వేదిక గెలాక్సీ అనే వర్క్‌ఫ్లో వ్యవస్థలో ఓపెన్ సోర్స్ రసాయన పనిముట్లను వరుసగా కూర్చుతుంది. ఇలాంటి కూర్పుల్లోనే పైన చెప్పిన తేడాలన్నీ కంటబడతాయి: ఒక పనిముట్టు రాసిన ఫైల్‌ను వెంటనే మరొకటి చదవాలి, మధ్యలో దిద్దే మనిషి ఉండడు. కాబట్టి ఒక్కో మెట్టు దగ్గర పరమాణువుల సంఖ్య, మొత్తం ఆవేశం, అణుఫార్ములా సరిచూసే చిన్న తనిఖీ పెట్టడం తప్పనిసరి.

పైన చెప్పిన ఇన్‌చీకీని పుట్టించే ఇన్‌చీ సాఫ్ట్‌వేర్ చాలాకాలం కోడ్ బయటికి ఇస్తూనే, పనిని లోపల చేసుకునేది. 2024లో వచ్చిన 1.07 వెర్షన్‌తో ఎంఐటీ లైసెన్స్‌కు మారి, గిట్‌హబ్ మీదికి వచ్చింది. లోహ సమ్మేళనాల చిక్కు మాత్రం అన్ని టూల్‌కిట్లలోనూ ఇంకా తెగలేదు. ఫెర్రోసీన్‌ను తీసుకుంటే, ఇనుముకు పది కార్బన్లతోనూ విడివిడిగా బంధాలు గీసేవాళ్లున్నారు, రెండు వలయాలకు రుణావేశం ఇచ్చి ఇనుమును రెండు ధనావేశాలతో విడిగా రాసేవాళ్లున్నారు, వలయం మధ్య నుంచి గీత గీసేవాళ్లున్నారు. ప్రామాణిక ఇన్‌చీ లోహబంధాలను తెంచేసి లెక్క కడుతుంది. వీ2000లో సమన్వయ బంధానికి చోటు లేదు, వీ3000లో తొమ్మిదో రకంగా ఉంది. స్మైల్స్‌లో ఆర్‌డికిట్ బాణం గుర్తు వాడుతుంది. అది ఓపెన్‌స్మైల్స్ నిర్వచనంలో లేదు కాబట్టి వేరే టూల్‌కిట్ చదవాలన్న నిబంధన ఏదీ లేదు. ప్రస్తుతానికి లోహాలున్న అణువులను ఒక ప్రోగ్రాం నుంచి మరోదానికి పంపేవాళ్లు వీ3000లో పంపి, అవతల చదివాక ఇనుము చుట్టూ ఎన్ని బంధాలు మిగిలాయో లెక్కపెట్టుకోవాల్సిందే.